లేసు అల్లే తల్లి కూతురు నరసాపురం గురించి ఎందుకు చదవకూడదు? కేంద్ర సామాజిక న్యాయ శాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర సామాజిక న్యాయ, సాధికారత శాఖ మంత్రి గారికి, నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎంపిక కమిటీ సభ్యులకు,

నమస్కారం.

పశ్చిమ గోదావరి జిల్లాలో డిగ్రీ పిల్లలకు సోషియాలజీ పాఠాలు చెప్పే టీచర్‌ని నేను. పై చదువుకు విదేశం వెళ్ళాలనుకునే మా పిల్లల్లో ఎక్కువమంది కంప్యూటర్ కోర్సుల వైపే చూస్తారు. వాళ్ళ దారి వాళ్ళకు తెలుసు, చెప్పేవాళ్ళూ ఊరికి పదిమంది ఉన్నారు. ఇంకో రకం పిల్లలు కొద్దిమంది ఉంటారు. డ్వాక్రా గ్రూపులో అమ్మ సంతకం పెట్టి తెచ్చిన అప్పు నాన్న చేతికి ఎందుకు పోతుంది, ఒకే చేలో ఆడకూలీకి ఒక రేటు మగకూలీకి ఒక రేటు ఎందుకు, అత్త కువైట్ నుంచి పంపిన డబ్బుతో కట్టిన ఇల్లు ఎవరి పేరున ఉంది, ఇలాంటివి అడిగే పిల్లలు. ఆ ప్రశ్నల కోసమే ఒక పీజీ కోర్సు ఉందని, దాన్ని జెండర్ అండ్ ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్ అంటారని, బ్రిటన్‌లోనూ నెదర్లాండ్స్‌లోనూ పేరున్న విద్యాసంస్థలు దాన్ని చెబుతున్నాయని తెలిసినప్పుడు వాళ్ళకు కలిగే సంతోషం చూడాలి. ఆ వెంటనే వచ్చేది డబ్బు ప్రశ్న. బ్రిటన్‌లో ఏడాది ఎంఏకి మన పిల్లలు కట్టాల్సిన ఫీజే పాతిక లక్షలకు అటూ ఇటూ ఉంటుంది. అద్దె, తిండి అదనం. సెంటు పొలం లేని ఇంట్లో ఏది తాకట్టు పెట్టి బ్యాంకు లోను తెస్తారు? అప్పుడు నేను చెప్పేది మీ స్కాలర్‌షిప్ గురించే.

ఆ స్కాలర్‌షిప్ మార్గదర్శకాల్లో ఉన్న ఒక్క షరతు గురించే ఈ ఉత్తరం. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, భారతదేశం మీద చేసే సామాజిక అధ్యయనాలు, వీటికి సంబంధించిన అంశాలకూ కోర్సులకూ ఈ స్కాలర్‌షిప్ వర్తించదని 2022లో మీ శాఖ చేర్చింది. ఏ అంశం ఈ కోవలోకి వస్తుందో తేల్చే తుది నిర్ణయం ఎంపిక కమిటీదేనని కూడా రాశారు. ఆ షరతు పూర్తిగా ఎత్తేయమని అడుగుతున్నాను.

ఈ పథకం ఎవరి కోసం పెట్టిందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. 1954-55 నుంచీ ఉన్న పథకం ఇది. ఇప్పుడు ఏటా 125 మందికి అవకాశం. అందులో 115 షెడ్యూల్డ్ కులాల పిల్లలకు, 6 విముక్త, సంచార, అర్ధసంచార జాతుల పిల్లలకు, 4 భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకు, సంప్రదాయ చేతివృత్తుల వాళ్ళ పిల్లలకు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు. 30 శాతం అమ్మాయిలకు. చాలా మంచి పథకం. దీనివల్ల విదేశాల్లో చదువుకుని వచ్చి గౌరవంగా బతుకుతున్నవాళ్ళు దేశమంతా ఉన్నారు. అందుకే దీని మీద మాకు ఇంత ఆశ. అర్హుల జాబితా మళ్ళీ ఒకసారి చదవండి: దళితులు, సంచార జాతులు, కూలీలు, చేతివృత్తుల వాళ్ళు. తర్వాత షరతు చదవండి. ఎవరి పిల్లల్ని పంపుతున్నారో ఆ మనుషుల జీవితాల గురించి తప్ప ఇంక దేని గురించైనా చదవొచ్చని దాని అర్థం.

జెండర్, డెవలప్‌మెంట్ అనే ఈ చదువు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. 1970లో డెన్మార్క్ ఆర్థికవేత్త ఎస్టర్ బోసెరప్, ఆసియా ఆఫ్రికా దేశాల్లో వ్యవసాయం చేసే ఆడవాళ్ళని అభివృద్ధి పథకాలు అసలు లెక్కలోకే తీసుకోలేదని చూపించారు. 1975లో ఐక్యరాజ్య సమితి మెక్సికోలో మొదటి ప్రపంచ మహిళా సదస్సు పెట్టింది. ఆ తర్వాత నాలుగేళ్ళకు, 1979లో, నెదర్లాండ్స్‌లోని ది హేగ్ నగరంలో ఉన్న ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ స్టడీస్‌లో మహిళలు, అభివృద్ధి అనే అంశం మీద పీజీ స్థాయి కోర్సు మొదలైంది. దాన్ని నిలబెట్టినావిడ మరియా మీస్, జర్మన్ సోషియాలజిస్టు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆవిడ అంతర్జాతీయ కార్మిక సంస్థ, అదే ఐఎల్ఓ కోసం ఒక పరిశోధన చేస్తున్నారు. ఎక్కడో కాదు, మా నరసాపురంలో.

మా ప్రాంతం తెలియనివాళ్ళ కోసం కొంచెం వివరంగా రాస్తాను. నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళలో మధ్యాహ్నం వంట పని అయ్యాక ఆడవాళ్ళు అరుగుల మీద చేరి లేసు అల్లుతారు. క్రైస్తవ మిషనరీల ద్వారా 19వ శతాబ్దంలో వచ్చిన పని. చేతిలో సన్నటి కొక్కెం సూది, ఒళ్ళో దారం. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, పని అయ్యాక వచ్చి లెక్క చూసుకుని డబ్బులిచ్చి పట్టుకెళ్తాడు. ఒకావిడ పువ్వులే అల్లుతుంది. ఆ పువ్వుల్ని ఒకదానితో ఒకటి కలిపే అతుకు పని ఇంకో ఇంట్లో ఇంకొకావిడది. అంచులు వేసేది మరొకరు. అంతా కలిసి టేబుల్ క్లాత్ అయ్యాక అది ఎలా ఉంటుందో, ఎంతకి అమ్ముడుపోతుందో పువ్వులు అల్లిన ఆవిడకు తెలియదు. అది అక్కడి నుంచి యూరప్‌కీ, అమెరికాకీ పోతుంది.

మీస్ చేసిన పని ఏమిటంటే, ఈ గొలుసుని అరుగు నుంచి ఎగుమతిదారు దాకా పట్టుకుని వెళ్ళారు. రోజుకి ఆరేడు గంటలు అల్లే ఆడవాళ్ళకు వచ్చేది పొలం కూలీకి వెళ్ళే ఆడవాళ్ళకు వచ్చేదాని కన్నా తక్కువని లెక్క తీశారు. ఎందుకు తక్కువంటే, ఊళ్ళో అందరి దృష్టిలోనూ వాళ్ళు కార్మికులు కారు. ఇంటి పట్టున ఉండే ఇల్లాళ్ళు, ఖాళీగా ఉన్నప్పుడు కాసేపు అల్లుకుంటారు, అంతే. ఖాళీ టైములో చేసిన పనికి కూలి ఎవరు అడుగుతారు? బయటికి కూలికి వెళ్ళకపోవడమే పరువు అనుకునే ఇళ్ళలో ఆ పరువు ఎగుమతిదారుకి లాభమైంది. ఈ పరిశోధన 1982లో పుస్తకంగా వచ్చింది. నలభై ఏళ్ళు దాటినా జెండర్, డెవలప్‌మెంట్ కోర్సుల్లో ఇప్పటికీ దాన్ని చదివిస్తారు. ఢాకాలో బట్టలు కుట్టే అమ్మాయి గురించి మాట్లాడినా, ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆవిడ గురించి మాట్లాడినా చర్చ తిరిగి తిరిగి నరసాపురం దగ్గరకు వస్తుంది.

మరియా మీస్ మీద నాకు గౌరవమే తప్ప ఫిర్యాదు లేదు. ఆవిడ 2023లో కన్నుమూశారు. పరాయి దేశం నుంచి వచ్చి మా ఆడవాళ్ళ పనిని పని అని గుర్తించి రాశారు. నా బాధల్లా ఇదీ: ఇవాళ నరసాపురంలో లేసు అల్లే ఒక తల్లి కూతురు, మీ పథకంలో చేతివృత్తుల కోటా కింద అన్ని అర్హతలూ ఉన్న అమ్మాయి, అదే హేగ్‌కి వెళ్ళి అదే లేసు మీద డిసర్టేషన్ (కోర్సు చివర రాసే పరిశోధన వ్యాసం) రాస్తానంటే మీ షరతు వద్దంటుంది.

అదే క్లాసులో ఎవరెవరు కూర్చుంటారో ఆలోచించండి. జపాన్ నుంచి వచ్చిన విద్యార్థి ఉంటాడు. బ్రిటిష్ అమ్మాయి ఉంటుంది. ఢిల్లీ నుంచో హైదరాబాద్ నుంచో నాన్న డబ్బుతో వచ్చిన మన దేశం అబ్బాయి కూడా ఉంటాడు. వాళ్ళలో ఎవరైనా సరే, నరసాపురం లేసు మీదో, మన స్వయం సహాయక సంఘాల మీదో, దళిత మహిళల భూమి హక్కుల మీదో హాయిగా రాసుకోవచ్చు. ఎవరూ ఆపరు. ఆగిపోయేది మీ స్కాలర్‌షిప్ మీద వెళ్ళిన పిల్ల ఒక్కతే. విదేశీ యూనివర్సిటీల్లో భారతదేశం గురించి చదవడం ఈ షరతు వల్ల ఆగదు. భారతదేశం గురించి మాట్లాడేవాళ్ళలో దళితులూ కూలీల బిడ్డలూ లేకుండా పోతారు, అంతవరకే జరుగుతుంది. సామాజిక న్యాయం పేరున్న శాఖ చేయాల్సిన పనేనా ఇది?

షరతు పెట్టినప్పుడు అధికారులు పత్రికలకు ఒక కారణం చెప్పారు. భారతదేశానికి సంబంధించిన అంశాలకు ఇక్కడే నిపుణులున్నారు, గ్రంథాలయాలున్నాయి, దానికి విదేశం దాకా వెళ్ళడం దేనికి, ఆ సీట్లు వేరే సబ్జెక్టుల వాళ్ళకు ఇవ్వొచ్చు కదా అని. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు, నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి.

నిపుణులు ఉన్నారు, కాదనను. తిరుపతిలో 1983 నుంచీ మహిళా విశ్వవిద్యాలయమే ఉంది. ఉస్మానియాలో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మహిళా అధ్యయన కేంద్రాలున్నాయి. కానీ 12వ పంచవర్ష ప్రణాళిక ముగిసిన 2017లో, ఇలాంటి కేంద్రాలకు యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిధులు కొనసాగుతాయా లేదా అని దేశమంతా అధ్యాపకులు టెన్షన్ పడిన సంగతి మీకు తెలియంది కాదు. ఇక్కడే చదువుకోమనేవాళ్ళు ముందు ఇక్కడి కేంద్రాలను గట్టిగా నిలబెట్టాలి. అయినా అసలు జవాబు అది కాదు. ఈ సబ్జెక్టు పేరులోనే ఇంటర్నేషనల్ ఉంది. నరసాపురం లేసు ధర నరసాపురంలో తేలదు. యూరప్ కొనుగోలుదారు దగ్గర, చైనా మెషిన్ లేసుతో పోటీలో తేలుతుంది. ఇంటి దగ్గర పనిచేసే కార్మికులకు కనీస హక్కులు ఉండాలని 1996లో ఐఎల్ఓ ఒక ఒప్పందం తెచ్చింది. 177వ నంబరు ఒప్పందం అంటారు. మన దేశంలో ఇలా బతికేవాళ్ళు కోట్లలో ఉన్నారు. ఆ ఒప్పందం కోసం ప్రపంచవ్యాప్తంగా పోరాడినవాళ్ళలో ముందున్నదీ స్వయం ఉపాధి మీద బతికే ఆడవాళ్ళ కోసం పనిచేసే మన అహ్మదాబాద్ ‘సేవా’ సంఘమే. అయినా భారత్ దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు. ఇలాంటివి జెనీవాలో మాట్లాడతారు, రాస్తారు, ఓటేస్తారు. ఆ గదిలో కూర్చునే అర్హత తెచ్చిపెట్టే డిగ్రీ ఇది. అక్కడికి మా పిల్లలు వెళ్ళాలి, తమ ఊరి లెక్క చేతిలో పట్టుకుని వెళ్ళాలి.

ఇంకో ఆచరణాత్మకమైన ఇబ్బంది ఉంది. బయటివాళ్ళకు చిన్నదిగా కనిపిస్తుంది గానీ విద్యార్థికి ప్రాణం మీదకి వస్తుంది. బ్రిటన్‌లో ఏడాది ఎంఏ అంటే తొలి రెండు టర్ములు క్లాసులు, వేసవిలో డిసర్టేషన్. ఫీల్డ్‌వర్క్ చేయాలంటే చేతిలో ఉండేది కొద్ది వారాలే. మా అమ్మాయి ఇంటికి వస్తే అద్దె లేదు, దుబాసీ అక్కర్లేదు, అరుగు మీద కూర్చుంటే ఎదుటావిడ "ఎవరి అమ్మాయివే నువ్వు" అని అడిగి మనసు విప్పి మాట్లాడుతుంది. ఆ నమ్మకం సంపాదించడానికి బయటి పరిశోధకులకు నెలలు పడుతుంది. షరతు వల్ల ఆ పిల్ల తనకు భాష రాని దేశం గురించి లైబ్రరీలో కూర్చుని పుస్తకాల్లోంచి ఏదో ఒకటి రాయాలి. తనకున్న అతి పెద్ద బలాన్ని తనే వదులుకోవాలి. రేపు ఉద్యోగం ఇంటర్వ్యూలో మొదట అడిగేది ఫీల్డ్ అనుభవం గురించే.

నలభై ఏళ్ళ కింద వేసిన ప్రశ్నల తర్వాత వేయాల్సిన ప్రశ్నలు చాలా మిగిలి ఉన్నాయి. నరసాపురం క్రోషే లేసుకు 2024లో జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అన్న భౌగోళిక గుర్తింపు, వచ్చింది. ఆ ట్యాగ్ వచ్చాక పువ్వు అల్లే ఆవిడ కూలి పెరిగిందా? ట్యాగ్ కింద నమోదైన పేర్లలో ఏజెంట్లెంతమంది, అల్లేవాళ్ళెంతమంది? కళ్ళు మసకబారాక ఆవిడకు పింఛను ఏ పథకం కింద వస్తుంది? లేసు అల్లే ఇళ్ళకూ నాట్లకు వెళ్ళే మాల, మాదిగ ఇళ్ళకూ మధ్య ఉన్న గీత ఇప్పటికీ అలాగే ఉందా? ఇవి ఆ ఇళ్ళలో పుట్టిన పిల్లలకు తట్టే ప్రశ్నలు. వాటికి జవాబులు దొరికితే లాభపడేది ఎక్కువగా ప్రభుత్వమే. జీఐ ట్యాగ్ ఇచ్చిన దేశానికి దాని ఫలితం ఏమిటో తెలియాలి కదా.

బయట దేశాల్లో మన దేశం పరువు తీస్తారేమోనన్న భయం కూడా కొందరి మనసుల్లో ఉందనుకుంటాను. మీ మార్గదర్శకాల్లో ఆ మాట లేదు. అయినా చాలామంది నాతో అన్నారు కాబట్టి చెబుతున్నాను. ఈ కోర్సుల్లో మన గురించి చెప్పేవన్నీ కన్నీటి కథలు కావు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్ళిన ఆడవాళ్ళు, చదివిన పాఠాన్ని తమ ఇంటికి అన్వయించుకుని సారా దుకాణాల మీదకు కదిలారు. 1992లో మొదలైన ఆ కదలిక జిల్లాలు దాటి సారా వేలంపాటలను ఆపించింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ముందుండి నడిచిన రోశమ్మ గారు కూలి చేసుకుని బతికిన మనిషి. చదువు వల్ల ఆడవాళ్ళకు ఏమొస్తుందని ప్రపంచంలో ఎక్కడ అడిగినా చెప్పదగ్గ సమాధానం అది. సూక్ష్మరుణాల గొడవ కూడా అంతే. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో అప్పుల వేధింపులతో ఆడవాళ్ళు ప్రాణాలు తీసుకున్న తర్వాత, ఆ అక్టోబర్‌లో ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలను అదుపు చేసే ఆర్డినెన్స్ తెచ్చింది. పేద మహిళలకు అప్పు ఇస్తే చాలు సాధికారత వచ్చేస్తుందని ఊరూరా ప్రచారం చేసిన పెద్ద పెద్ద సంస్థలు ఆ తర్వాత మాట సరిచేసుకోవాల్సి వచ్చింది. ఈ రెండు కథలూ బయటివాళ్ళు చెబితే ఒకలా ఉంటాయి, గ్రూపు లీడర్ కూతురు చెబితే ఇంకోలా ఉంటాయి.

బాబాసాహెబ్ అంబేద్కర్ సంగతి మీ శాఖకు నేను గుర్తు చేయాల్సి రావడం నాకే ఇబ్బందిగా ఉంది. ఆయన రచనల్ని భారతీయ భాషల్లోకి తెచ్చే అంబేద్కర్ ఫౌండేషన్ మీ శాఖ కిందే ఉంది. 1913లో బరోడా మహారాజా ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఆయన న్యూయార్క్ వెళ్ళారు. 1916 మే 9న కొలంబియా యూనివర్సిటీ సెమినార్‌లో భారతదేశంలో కులాల గురించి వ్యాసం చదివారు. అప్పటికి ఆయనకు పాతికేళ్ళు. అందరూ కులం గురించే గుర్తుపెట్టుకుంటారు గానీ ఆ వ్యాసం నడిమధ్య ఉన్నది ఆడవాళ్ళే. కులం లోపలే పెళ్ళి అన్న కట్టుబాటు మీద కులం నిలబడిందని, ఆ కట్టుబాటుని కాపాడటానికే సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం వచ్చాయని ఆయన అందులో వాదించారు. ఇవాళ్టి జెండర్ క్లాసులో పెడితే కొత్తగా రాసినట్టే ఉంటుంది. కొలంబియాలో, లండన్‌లో ఆయన రాసిన థీసిస్‌లు కూడా భారతదేశం మీదే: పాతకాలపు వాణిజ్యం, బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవహారాలు, రూపాయి సమస్య. మీ షరతు అప్పుడు ఉండి ఉంటే వాటిలో ఒక్కటీ గట్టెక్కేది కాదు.

ఇంతకన్నా ఎక్కువ నష్టం చేస్తున్నది షరతులోని అస్పష్టత. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్ళి ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ మీద ఒకమ్మాయి రాస్తానంటే అది భారతదేశం అంశమా, గల్ఫ్ అంశమా? మూడు దేశాల్లో స్వయం సహాయక సంఘాలను పోలుస్తూ అందులో తెలంగాణను ఒకటిగా తీసుకుంటే? ఎవరికీ తెలియదు. కమిటీ ఏమంటే అది. ఆఫర్ లెటర్ తెచ్చుకోవడానికే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష ఫీజు దగ్గర్నుంచి అప్పు చేసిన పిల్ల అంత రిస్క్ ఎందుకు తీసుకుంటుంది? ఎవరూ తిరస్కరించక ముందే తన ప్రశ్నను తనే కొట్టేసుకుని, ఏ గొడవా లేని అంశం ఒకటి వెతుక్కుంటుంది. మీ దగ్గరున్న తిరస్కరణల లెక్కలో ఈ నష్టం ఎప్పటికీ కనిపించదు.

డబ్బు సంగతి క్లుప్తంగా. 2025 జులైలో ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే అవార్డు లేఖలు ఇచ్చి, మిగతా 66 మందికి నిధులు ఉంటేనే అన్నారు. యూనివర్సిటీలు సెప్టెంబర్‌లో తెరుస్తారు. వీసాకి, టికెట్‌కి, హాస్టల్ అడ్వాన్స్‌కి టైము ఎక్కడిది? ఇంత చిన్న సంఖ్యకు, ఇంత పెద్ద దేశపు బడ్జెట్‌లో ముందే డబ్బు పక్కన పెట్టడం కష్టమైన పని కాదు.

కాబట్టి మా విన్నపం. వచ్చే విడత దరఖాస్తుల పోర్టల్ తెరవకముందే ఆ షరతును మార్గదర్శకాల నుంచి తొలగించండి. తొలగించేదాకా, ఆ షరతు కింద ఏ అంశాన్ని పక్కన పెట్టినా కారణం రాతపూర్వకంగా ఇవ్వండి, అప్పీలు చేసుకునే అవకాశం ఇవ్వండి. సామాజిక శాస్త్రాల దరఖాస్తులు చూసేటప్పుడు ఆ సబ్జెక్టు చదివిన, పల్లెల్లో తిరిగి పనిచేసిన దళిత మహిళా అధ్యాపకురాలు ఒక్కరైనా కమిటీలో ఉండేలా చూడండి. ఎంపికైన వాళ్ళందరికీ ఒకే రోజు, యూనివర్సిటీ తెరవడానికి కనీసం మూడు నెలల ముందు అవార్డు లేఖలు పంపండి.

ఈలోగా నా దగ్గరకు వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. అమ్మా, నీ ప్రశ్న మార్చుకోకు, ఎస్‌ఓపీలో (ఎందుకు చదవాలనుకుంటున్నావో చెప్పే వ్యాసంలో) మీ ఊరి పేరు, మీ అమ్మ చేసే పని ఉన్నదున్నట్టు రాయి అని చెబుతున్నాను. అలాంటి దరఖాస్తులు మీ బల్ల మీదకు వస్తాయి. వచ్చినప్పుడు ఆ షరతు చూపించి పక్కన పెట్టకుండా, ఆ అమ్మాయి వేసిన ప్రశ్న పూర్తిగా చదవమని కోరుతున్నాను.

ఇట్లు,
పశ్చిమ గోదావరి జిల్లా నుంచి ఒక సోషియాలజీ అధ్యాపకురాలు